పులస న్యూజిలాండ్ నుంచి రాదు: ఏటా తిరిగే ఒక కథనానికి ఖండన

గోదావరికి తొలి వరద తగిలి నీరు ఎర్రబడగానే పులస వార్తలు మొదలవుతాయి. యానాంలోనో అంతర్వేదిలోనో ఒక చేప వేల రూపాయలు పలికిందని ఫొటో వస్తుంది. దాని వెంటే ఏళ్ల తరబడి మాట మారని ఒక కథనం వాట్సాప్‌లోనూ యూట్యూబ్‌లోనూ, ఒక్కోసారి టీవీ వార్తల్లోనూ తిరుగుతుంది. దాని సారాంశం ఇది: పులస ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ సముద్రాల్లో బతుకుతుంది, గుడ్లు పెట్టడానికి దాదాపు 11,000 కిలోమీటర్లు ఈది గోదావరికి వస్తుంది, ప్రపంచంలో మరే నదిలోనూ దొరకదు, సముద్రంలో ఇలసగా ఉన్నది గోదావరి ఎర్రనీరు తాగి పులసగా మారిపోతుంది, ధవళేశ్వరం దాటి పోవడం దాని స్వభావంలోనే లేదు, గుడ్లు పెట్టగానే చచ్చిపోతుంది.

ఈ చేప సముద్రం నుంచి నదిలోకి ఎదురీదుతుందన్నది నిజం. గుడ్లు పెట్టడానికే వస్తుందన్నదీ నిజమే. మిగిలిన మాటలేవీ పరీక్షకు నిలబడవు. వినడానికి ముచ్చటగా ఉన్న కథను ఇంత పట్టుదలగా ఖండించడం ఎందుకని ఎవరైనా అడగవచ్చు. పరాయి సముద్రంలో పెరిగి, ఇక్కడికి వచ్చి, ఎలాగూ చచ్చిపోయే చేప అని నమ్మినవారు దాని గుడ్ల గురించి గానీ పిల్లల గురించి గానీ అడగరు. పులస తగ్గిపోతోందని ప్రతి సీజనులోనూ బాధపడే మనం, దాని బతుకంతా మన నదిలోనూ మన తీరంలోనూ గడుస్తుందన్న సంగతిని మాత్రం ఈ కథ చాటున మరచిపోతున్నాం.

ముందుగా దూరం సంగతి చూద్దాం. పులసకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు టెన్యులోసా ఇలీషా. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపలను వర్ణించినప్పుడు ఈ జాతి శాస్త్ర గ్రంథాలకు ఎక్కింది. అప్పటి నుంచి అది ఎక్కడెక్కడ దొరుకుతుందో రెండు శతాబ్దాలుగా నమోదవుతూనే ఉంది. పడమట పర్షియన్ గల్ఫ్ కొసన టైగ్రిస్, యూఫ్రటీస్ కలిసి పారే షత్ అల్ అరబ్ నుంచి మొదలై, పాకిస్తాన్, గుజరాత్ తీరాల మీదుగా, బంగాళాఖాతం చుట్టూ తిరిగి బర్మా దాకా దాని ఉనికి విస్తరించి ఉంది. అక్కడికి అవతల కూడా కొన్ని చోట్ల కనబడినట్టు నమోదులున్నాయి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ చేపల జాబితాల్లో మాత్రం ఈ జాతి లేదు. ఒక చేప ఏడాదిలో ఎక్కువ కాలం ఉండే సముద్రంలో, అక్కడి జాలర్ల వలలకు ఒక్కసారైనా చిక్కకుండా, కేవలం గోదావరి సముద్రంలో కలిసే మొగలో మాత్రమే ప్రత్యక్షమవడం జరిగే పని కాదు. అదే సమయంలో కాకినాడ నుంచీ విశాఖపట్నం నుంచీ సముద్రంలోకి వెళ్లే పడవలకు, ఒడిశా, బెంగాల్ తీరాల పడవలకు ఇలస పడుతూనే ఉంటుంది. పులస సముద్రంలో ఎక్కడ ఉంటుందన్న ప్రశ్నకు జవాబు ఆ పడవల్లోనే ఉంది: మన తీరానికి దగ్గరలోని లోతు తక్కువ నీళ్లలో.

లెక్క వేసి చూసినా ఈ కథ పొసగదు. రోజుకు 70 కిలోమీటర్ల చొప్పున ఒక్క పూట ఆగకుండా ఈదినా 11,000 కిలోమీటర్లు దాటడానికి 5 నెలలకు పైగా పడుతుంది. తిరుగు ప్రయాణానికి మరో 5 నెలలు. ఏడాదిలో 10 నెలలు ప్రయాణానికే పోతే ఒళ్లు చేయడానికీ గుడ్లు పెంచుకోవడానికీ చేపకు సమయం ఎక్కడుంటుంది? పైగా ఇలస వేటాడి తినే చేప కాదు. నీటిలో తేలే సూక్ష్మజీవులను మొప్పల దగ్గరుండే సన్నని పోగులతో వడకట్టుకుని తింటుంది. ఆ మేత సమృద్ధిగా ఉండేది నదులు తెచ్చిన సారం కలిసే తీరజలాల్లోనే. నడిసముద్రంలో అది చాలా పలచన. కాబట్టి వేల కిలోమీటర్ల నడిసముద్రం దాటి రావడానికి కావలసిన బలం ఆ దారిలో దానికి దొరకదు.

ఇక పిల్లల సంగతి. గోదావరిలో పుట్టిన పిల్ల కొన్ని నెలలు నదిలోనూ మొగల్లోనూ పెరిగి, జానెడుకు కాస్త తక్కువగా, అంటే 10 నుంచి 15 సెంటీమీటర్ల పొడవున్నప్పుడు సముద్రంలోకి దిగుతుంది. ఒకటి రెండేళ్లకు ఈడుకొచ్చి తిరిగి నది పడుతుంది. కథనం నిజమైతే, ఆ పిల్ల ఈ కొద్ది కాలంలోనే భూమధ్యరేఖ దాటి న్యూజిలాండ్ చేరి, అక్కడ పెరిగి, మళ్లీ అంత దూరమూ వెనక్కి రావాలి. సముద్రంలో చాలా దూరం తిరిగే వలస చేపలు లోకంలో లేకపోలేదు, కానీ ఇలస ఆ కోవలోది కాదు. బంగాళాఖాతంలో పట్టిన ఇలసల తలలో పొరలుగా పెరిగే చెవి రాళ్లలో స్ట్రాన్షియం అనే మూలకం పొరపొరకూ ఎలా మారిందో కొలిచి, ఏ వయసులో ఉప్పునీటిలో ఉందో, ఏ వయసులో మంచినీటిలో ఉందో తెలుసుకునే పద్ధతి ఉంది. ఆ పద్ధతిలో చేసిన పరిశీలనలు నది, మొగ, తీరసముద్రం మధ్య రాకపోకలు మనం అనుకున్నదానికన్నా చిక్కుగా ఉంటాయని చూపాయి.

ప్రపంచంలో మరెక్కడా దొరకదన్న మాటకు జవాబు పెద్దగా అక్కరలేదు. బంగ్లాదేశ్ జాతీయ చేప ఇదే. ఏటా 5 లక్షల టన్నులకు పైగా ఇలస పట్టే ఆ దేశానిదే ప్రపంచ దిగుబడిలో సింహభాగం. హుగ్లీలో, మహానదిలో, కృష్ణలో, నర్మదలో, ఐరావతిలో ఇది ఉంది. సింధు నదిలో దీన్ని పల్లా అంటారు. కువైట్‌లో పని చేసుకుంటున్న గోదావరి జిల్లాల వాళ్లు అక్కడి చేపల అంగడిలో సుబూర్ అన్న పేరుతో చూసే చేప కూడా ఇదే జాతి. గోదావరి పులసకు ప్రత్యేకమైన రుచి ఉందన్న మన నమ్మకానికి దీనివల్ల వచ్చే లోటేమీ లేదు. పద్మా నది ఇలసే గొప్పదని ఢాకాలోనూ, హుగ్లీదే గొప్పదని కోల్‌కతాలోనూ అంతే గట్టిగా అంటారు.

తరువాతి మాట ఎర్రనీరు తాగి ఇలస పులసగా మారుతుందన్నది. ఇది చాలామంది మత్స్యకారులు కూడా అనే మాట, దాని వెనుక ఒక నిజమైన పరిశీలన ఉంది కనుక దీన్ని కొంచెం వివరంగా చూడాలి. సముద్రపు ఇలస, ఏటి పులస వేర్వేరు జాతులు కావు. వాటి పై దవడ మధ్యలో చిన్న నొక్కు ఉంటుంది. పొట్ట అంచున వెనక్కి తిరిగిన గట్టి పొలుసులు వరుసగా ఉంటాయి, తోక వైపు నుంచి తల వైపు వేలు నిమిరితే అవి గుచ్చుకుంటాయి. ఏటి చేపను, సముద్రపు చేపను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ గుర్తులు రెండింటిలోనూ ఒక్కలాగే ఉంటాయి. అమెరికా పశ్చిమ తీరంలో నదిలోనే ఉండిపోయిన చేపను రెయిన్‌బో ట్రౌట్ అనీ, అదే జాతిలో సముద్రానికి వెళ్లి పెరిగి వచ్చినదాన్ని స్టీల్‌హెడ్ అనీ పిలుస్తారు. అక్కడ కూడా రెండూ ఒకే జాతి, తేడా బతికిన తీరులో ఉంది.

మరి నిజంగా మారేది ఏమిటి? ఒంట్లోని ఉప్పు, నీరు, కొవ్వు లెక్క మారుతుంది. సముద్రంలో ఉన్న చేప చుట్టూ ఉన్న నీరు దాని రక్తం కన్నా ఉప్పన. ఆ ఉప్పదనం ఒంట్లోని నీటిని బయటికి లాగేస్తుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి సముద్రపు చేప నీరు తాగుతూనే ఉంటుంది, తాగిన నీటితో వచ్చిన ఉప్పును మొప్పల్లోని ప్రత్యేక కణాల ద్వారా బయటికి తోసేస్తుంది. మంచినీటిలోకి వచ్చిందంటే లెక్క తలకిందులవుతుంది. ఇప్పుడు బయటి నీరే మొప్పల గుండా ఒంట్లోకి చొరబడుతుంది. దాన్ని మూత్రంగా పంపేయడం, పోతున్న ఉప్పును మొప్పలతో నీటి నుంచి పట్టుకోవడం చేప పని. అంటే గోదావరిలోకి వచ్చిన పులసకు నీరు తాగే అవసరమే దాదాపు ఉండదు. అది ఎక్కువగా నీరు తాగేది సముద్రంలో ఉన్నప్పుడు. ఎర్రనీరు తాగి పులస అయిందన్న మాట ఈ విషయాన్ని సరిగ్గా తిరగేసి చెబుతోంది.

రుచికి మూలం ఇంకొకటి. నది పట్టడానికి ముందు ఇలస సముద్రంలో బాగా మేసి కొవ్వు పట్టించుకుంటుంది. ఎదురీదే రోజుల్లో మేత బాగా తగ్గిస్తుంది. నిల్వ చేసుకున్న కొవ్వే అటు ఈతకూ ఇటు గుడ్ల పెరుగుదలకూ ఖర్చవుతుంది. సముద్రపు ఉప్పు తగ్గి, కొవ్వు ఇంకా నిండుగా ఉన్న ఆ దశలో పట్టిన చేపే మనం పుస్తెలమ్మైనా తినాలనుకునే చేప. ఈ దృష్టితో చూస్తే, మొగకూ ధవళేశ్వరానికీ మధ్య ఎక్కడ పట్టారన్నదానికి మత్స్యకారులు ఇచ్చే ప్రాధాన్యం అర్థవంతమైనదే. వారి నాలుకకు తెలిసింది నిజం. దానికి కట్టిన కారణం మాత్రం తప్పు. ఆ తప్పు కారణం వల్ల కొనేవాళ్లకు నష్టం కూడా జరుగుతోంది. ఎర్రనీటి రంగు కాస్త తగిలి కనబడితే చాలు పులస అనుకుంటారు కనుక, ఒడిశా నుంచీ బెంగాల్ నుంచీ మంచులో వచ్చిన ఇలసను పులస పేరుతో, పులస ధరకు అమ్మడం సులువైపోయింది.

వరదకూ రాకకూ ఉన్న సంబంధం కూడా రంగుతో ముడిపడింది కాదు. నైరుతి రుతుపవనాల వానలకు ఎగువ నుంచి వరద దిగి, మొగల దగ్గర ఉప్పదనం ఒక్కసారిగా పడిపోతుంది, నీరు చల్లబడి మసకబారుతుంది, ప్రవాహం జోరందుకుంటుంది. తీరంలో ఈడుకొచ్చి సిద్ధంగా ఉన్న మందలు గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల మొగల్లోకి పోటు సాయంతో చొరబడతాయి. అందుకే గోదావరిలో పులస కాలం జూలైలో మొదలై ఆగస్టు, సెప్టెంబరుల్లో ముమ్మరమై అక్టోబరుకు సన్నగిల్లుతుంది. అమావాస్యకూ పౌర్ణమికీ దగ్గరగా పోటు పెద్దదైనప్పుడు చేప ఎక్కువగా కదులుతుందన్నది మన జాలర్లకూ బంగ్లాదేశ్ జాలర్లకూ తెలిసిన సంగతే. గంగ, హుగ్లీ ప్రాంతంలో వానాకాలపు పెద్ద రాక కాక, జనవరి నుంచి మార్చి దాకా ఒక చిన్న రాక కూడా ఉంది. స్టీల్‌హెడ్‌కు కూడా ఇలాగే రెండు రాకలుంటాయి. వేసవిలో వచ్చేవి గుడ్లు పక్వం కాకుండానే నది పట్టి, నెలల తరబడి నదిలోనే ఉండి మరుసటి వసంతంలో గుడ్లు పెడతాయి. శీతాకాలంలో వచ్చేవి పక్వమైన గుడ్లతోనే వచ్చి త్వరగా పెట్టేస్తాయి. ఒకే జాతి చేప ఒక్కో నది నీటి తీరును బట్టి రాకను ఎలా సర్దుకుంటుందో ఈ ఉదాహరణలు చూపుతాయి. ఇందులో ఎర్రమట్టి మహిమ ఏమీ లేదు.

ధవళేశ్వరం దాటడం పులస స్వభావంలో లేదన్న మాట నన్ను ఎక్కువగా బాధించేది. ధవళేశ్వరం దగ్గర ఆగడం చేప ఇష్టం కాదు, అక్కడ దానికి దారి మూసుకుపోయింది. ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట, దాని స్థానంలో 1970లలో మొదలై 1982 నాటికి పూర్తయిన బ్యారేజీ, ఈ రెండూ నదికి అడ్డంగా నిలిచిన గోడలు. డెల్టాకు అన్నం పెట్టిన కట్టడం అది, దాని మేలును ఎవరూ కాదనరు. కానీ అదే కట్టడం, వందల కిలోమీటర్లు ఎగువకు పోగల చేపను సముద్రానికి వంద కిలోమీటర్ల లోపే ఆపేసింది. ఆనకట్టలు వలస చేపలకు అడ్డంకి అవుతున్నాయని మన దేశపు చేపలను అధ్యయనం చేసిన ఫ్రాన్సిస్ డే 1870లలోనే ప్రభుత్వానికి నివేదించాడు. గేట్లన్నీ ఎత్తిన పెద్ద వరదల్లో కొన్ని చేపలు పైకి జారుకునే అవకాశం ఉన్నా, అది నిండు మందల రాక కాదు.

ఇతర నదుల అనుభవం కూడా ఇదే. 1934లో మెట్టూరు ఆనకట్ట వచ్చాక కావేరిలో ఇలస వేట కుప్పకూలింది. సింధు నదిలో 1932లో సుక్కూరు బ్యారేజీ, 1955లో కోట్రి బ్యారేజీ పల్లా దారిని అంచెలంచెలుగా కురచ చేశాయి. గంగలో ఒకప్పుడు అలహాబాదుకూ, యమునలో అక్కడికి ఎగువకూ వెళ్లిన ఇలస, 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక బీహార్, ఉత్తరప్రదేశ్ జాలర్లకు దాదాపు కనుమరుగైంది. ఆ నదుల్లో ఎక్కడా ఇలస తనంతట తాను ఒక హద్దు గీసుకోలేదు. అలాంటప్పుడు గోదావరిలో మాత్రమే గీసుకుందనడం, మనం కట్టిన గోడను చేప గుణంగా చెప్పుకోవడమే. ఆ మాట నమ్మినంత కాలం బ్యారేజీ దగ్గర చేప పైకి పోయే దారి గురించి గానీ, ఏ రోజుల్లో దిగువకు ఎంత నీరు వదలాలన్నదాని గురించి గానీ అడగాలన్న ఆలోచనే ఎవరికీ రాదు.

చివరి మాట, గుడ్లు పెట్టగానే చచ్చిపోతుందన్నది. ఇది పసిఫిక్ సాల్మన్ చేపల కథ. చినూక్, సాకై వంటి సాల్మన్లు జీవితంలో ఒక్కసారే గుడ్లు పెట్టి నదిలోనే చనిపోతాయి. ఆ దృశ్యాలు టీవీలో చూసినవారు ఎదురీదే చేపలన్నింటికీ అదే గతి అనుకున్నట్టుంది. నిజానికి సాల్మన్లకు దగ్గరి చుట్టమైన స్టీల్‌హెడ్ కూడా గుడ్లు పెట్టి బతికి, సముద్రానికి వెళ్లి మళ్లీ రాగలదు. ఇలస కూడా అంతే. ఒకసారి గుడ్లు పెట్టడంతో దాని పని అయిపోదు. పొట్ట ఖాళీ అయి, ఒళ్లు తగ్గి, రుచి పోయిన చేప నీటి వాలులో దిగువకు జారి, తిరిగి సముద్రం చేరి మేసి, తరువాతి కాలానికి మళ్లీ ఏరు పడుతుంది. కొన్నేళ్లు బతికే ఈ చేపలో పెద్ద ఆడది ఒక్క విడతలో పది లక్షలకు పైగా గుడ్లు పెట్టగలదు. చిన్న ఆడచేపల్లో గుడ్లు లక్షల్లోనే ఉన్నా, పెద్దదానితో పోలిస్తే చాలా తక్కువ. వేలంలో రికార్డు ధర పలికే పెద్ద పులస, అంటే మందలో అత్యధికంగా గుడ్లు పెట్టగల తల్లి.

ఆ గుడ్లు ప్రవాహంలో తేలుతూ సుమారు ఒక్క రోజులోనే పగులుతాయి. అప్పుడు పుట్టే పిల్ల మిల్లీమీటర్లలో ఉంటుంది. వరద తగ్గుతున్న కొద్దీ పాయల్లో, మడల పక్కన ఉన్న నెమ్మదైన నీళ్లలో పెరుగుతుంది. ఈ నెలల్లో సన్నకన్ను వల పడిందంటే, రెండేళ్ల తరువాత రావలసిన మంద అక్కడే పోతుంది. గోదావరి ఇలస మీద 1940ల నుంచి పరిశోధనలు జరుగుతున్నా, ఈ పిల్లల ఊసు మన వార్తల్లో ఎప్పుడూ వినబడదు. న్యూజిలాండ్ నుంచి పెద్ద చేపగా వచ్చే జీవికి మన దగ్గర పిల్లలుంటాయన్న ఊహే ఆ కథలో లేదు.

ఎలాగూ చచ్చేదే కదా అన్న నమ్మకం వల్ల జన, అంటే గుడ్లు, నిండిన చేపను పట్టడంలో నష్టం లేదన్న భావన బలపడింది. బంగ్లాదేశ్‌లో ఈ భావనను విధానంతోనే ఎదుర్కొన్నారు. ఆశ్వయుజ పౌర్ణమి చుట్టూ అక్టోబరులో 22 రోజులు ఇలస వేట, రవాణా, అమ్మకం అన్నీ నిషేధం. నవంబరు నుంచి జూన్ చివరి దాకా 25 సెంటీమీటర్ల లోపు పిల్ల ఇలసను పట్టకూడదు. ఆ రోజుల్లో జాలరి కుటుంబాలకు ప్రభుత్వం బియ్యం ఇస్తుంది. ఆ బియ్యం చాలదన్న ఫిర్యాదులూ, దొంగచాటు వేటా అక్కడ ఉన్నాయి, అయినా రెండు దశాబ్దాల్లో వారి దిగుబడి మొత్తం మీద బాగా పెరిగింది. పశ్చిమ బెంగాల్‌లో 23 సెంటీమీటర్ల లోపు ఇలస మీద ఆంక్ష ఉంది. మన తూర్పు తీరంలో సముద్ర వేట విరామం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. అది అనేక సముద్ర చేపలకు ఉపయోగపడే విరామమే. కానీ పులస జనతో గోదావరి మొగలోకి వచ్చేది జూలైలో, అప్పటికి ఆ విరామం ముగిసి, పడవలన్నీ సముద్రంలోకి దిగి వారాలు గడిచి ఉంటాయి.